పత్రిక ఫోటోగ్రాఫర్ వెంట తిరిగి ఫోటో జర్నలిజం నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వార్తా ఫోటోగ్రఫీలోకి రావాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కెమెరా వాడకం ఎక్కడైనా నేర్చుకోవచ్చు. ఎక్కడ నిలబడాలి, ఎంతసేపు ఆగాలి, ఎవరితో ఎలా మాట్లాడాలి, ఎప్పుడు కెమెరా దించాలి అన్నవి మాత్రం పని చేసేవాళ్ల పక్కనుండి చూస్తేనే వస్తాయని నా నమ్మకం. కింది జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

వెంట తిరగడం అంటే అసలు ఏం చేయాలి?

సీనియర్ ఫోటోగ్రాఫర్ అసైన్‌మెంట్‌కి బయల్దేరినప్పటి నుంచి ఫోటోలు డెస్క్‌కి (ఫోటోలు, వార్తలు ఎంచి పేజీలు తయారుచేసే విభాగానికి) చేరేదాకా పక్కన ఉండి చూడటం. అడిగితే చిన్న సాయం చేయడం. పని ముగిశాక ప్రశ్నలు అడగడం. దీనికి సిలబస్ ఉండదు. ఒకరోజు ఫుట్‌బాల్ మ్యాచ్, మర్నాడు అగ్నిప్రమాదం, ఆ తర్వాత ఏమీ జరగని ప్రెస్‌మీట్. ఈ మూడో రకం రోజును తక్కువగా చూడకండి. చప్పగా ఉన్న గదిలోంచి పేజీలో వేయదగ్గ ఫోటో ఎలా తీస్తారో చూసే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

కోర్సు చేస్తే సరిపోదా?

కోర్సు పనికొస్తుంది. ఎక్స్‌పోజర్, లెన్సులు, చట్టం, పత్రికల చరిత్ర ఒక వరుసలో చెప్పేది అక్కడే. అయితే తరగతి గదిలో డెడ్‌లైన్ ఉండదు, ఫోటో తీయొద్దని అరిచే మనిషి ఉండడు, వాన పడదు. రెండూ కలిస్తే మంచిది. ఒకటే ఎంచుకోవాలంటే నేను వెంట తిరగడానికే ఓటేస్తాను.

ఇలా దగ్గరివాళ్లను చూసి నేర్చుకుని పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. భారత్‌లో తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా పేరుపొందిన హోమై వ్యారావాలా (1913–2012) ఫోటోగ్రఫీ నేర్చుకున్నది మానెక్‌షా దగ్గర. తర్వాత ఆయననే పెళ్లి చేసుకున్నారు. రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. ఆయన కెమెరా అందుకున్నది ఫోటోగ్రాఫర్ అయిన అన్న ఎస్. పాల్ దగ్గరే.

కెమెరా గురించి ముందుగా ఎంత తెలిసి ఉండాలి?

షట్టర్ వేగం (కాంతి ఎంతసేపు పడాలి), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలి), ఐఎస్‌ఓ (కాంతికి కెమెరా ఎంత స్పందించాలి) మూడింటినీ చూడకుండా వేళ్లతో మార్చగలగాలి. అంతే చాలు. స్పాట్‌లో సీనియర్‌ని "ఐఎస్‌ఓ ఎంత పెట్టాలి సార్?" అని అడగాల్సి వస్తే మీరు ఇంకా బయల్దేరే దశకు రాలేదన్నమాట. ఇంట్లో కిటికీ పక్కన, దీపం కింద, వీధిలో సాయంత్రం పూట సాధన చేసి రండి.

కొన్ని అంకెలు ముందే మనసులో ఉంటే మేలు. పరుగెత్తే ఆటగాడికి 1/1000 సెకను లేదా అంతకంటే వేగం కావాలి. నడిచే మనుషులకు 1/250 సాధారణంగా సరిపోతుంది. దీపాల కింద ఫోటోలో అడ్డచారలు వస్తుంటే కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/50 లేదా 1/100కి, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/125కి దించి చూడండి. హాల్లోకి అడుగుపెట్టిన క్షణంలోనే ఇవి సరిచేసుకునేవాళ్లకు మొదటి ఐదు నిమిషాలు వృథా కావు. ఒక్కోసారి అసలు ఫోటో ఆ ఐదు నిమిషాల్లోనే వచ్చి వెళ్లిపోతుంది.

ఖరీదైన కెమెరా లేకపోతే?

ఉన్నదానితో రండి. చాలామంది పత్రిక ఫోటోగ్రాఫర్లు 24–70, 70–200 మిల్లీమీటర్ల లెన్సులు, రెండూ తక్కువ వెలుతురులోనూ పనికొచ్చేలా పెద్దగా తెరుచుకునే f/2.8వి, రెండు కెమెరా బాడీలకు తగిలించుకుని తిరుగుతారు. కారణం, లెన్స్ మార్చే తీరిక ఉండదు. నేర్చుకునే దశలో మీకు ఆ అవసరం లేదు. ఒక పాత బాడీ, 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి ఉంటే చాలు. జూమ్ లేకపోతే కాళ్లకు పని పడుతుంది. మొదట నేర్చుకోవాల్సింది కూడా అదే.

ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

ముందు పత్రిక చదవండి. ఫోటోల కింద వచ్చే పేర్లు రోజూ చూస్తూ ఉంటే కొన్ని నెలల్లో ఎవరి చూపు ఎలాంటిదో తెలిసిపోతుంది. మీకు నచ్చినవాళ్లకు చిన్న ఉత్తరమో మెయిలో రాయండి. అందులో వాళ్ల ఫోటో ఒకదాని గురించి ప్రస్తావించి, అది మిమ్మల్ని ఎందుకు ఆగి చూసేలా చేసిందో చెప్పండి. "మీ అభిమానిని" అన్న మాటకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది. మీకు ఏయే రోజులు ఖాళీ, సొంతంగా వచ్చే వీలుందా, ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు అన్నవి రాయండి. మీ ఫోటోలు పది, పన్నెండుకు మించి పంపకండి.

జవాబు రాకపోతే మరోసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే వదిలేసి ఇంకొకరిని అడగండి. ఒప్పుకున్నా ఫోటో ఎడిటర్ అనుమతి కూడా కావాల్సి ఉంటుంది. బీమా, బాధ్యత, లోపలికి వెళ్లే పాస్ లాంటి విషయాలు ఆఫీసువే. అందుకని మొదట ఒక్కరోజు కోసం అడగడం మంచిది. ఒక్కరోజుకు సరేననడం ఎవరికైనా తేలిక. ఆ రోజు మీరు బరువుగా అనిపించకపోతే రెండో రోజు వాళ్లే రమ్మంటారు.

మొదటి రోజు ఏం తీసుకెళ్లాలి, ఎలా ఉండాలి?

నీళ్లు, చిన్న నోట్‌బుక్, రెండు పెన్నులు, గుర్తింపు కార్డు, చార్జ్ చేసిన ఫోన్, వానకు కెమెరా కప్పే ప్లాస్టిక్ కవరు. గంటల తరబడి నిలబడగలిగే బూట్లు. రంగుల దుస్తులు వద్దు, మీరే ఎవరి ఫ్రేమ్‌లోనైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తారు. చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే చేరండి.

అసలు సంగతి, సీనియర్‌కీ ఆయన తీస్తున్న మనిషికీ మధ్యకు ఎప్పుడూ రావద్దు. సీనియర్ మోకాళ్ల మీద కూర్చుంటే మీరు కూడా వంగండి. లేకపోతే వెనకున్న మరో పదిమంది ఫోటోగ్రాఫర్లకు మీరు అడ్డం. వాళ్ల కోపం మిమ్మల్ని తీసుకొచ్చినవాళ్ల మీద పడుతుంది.

నేను కూడా ఫోటోలు తీయవచ్చా?

అడిగి తీయండి. నా సలహా అయితే మొదటి కొన్నిసార్లు కెమెరా బ్యాగులోనే ఉంచమని. చాలామందికి ఇది నచ్చదు. కానీ కెమెరా కంటికి పెట్టుకున్న వెంటనే మీరు ఘటనను చూడటం మొదలుపెడతారు, ఫోటోగ్రాఫర్‌ని చూడటం మానేస్తారు. ఘటనలు జీవితమంతా వస్తూనే ఉంటాయి. ఆ ఫోటోగ్రాఫర్ పక్కన నిలబడే అవకాశం మాత్రం కొద్ది రోజులే.

తర్వాత తీసుకోవచ్చు. తీసినవి ఎక్కడా పెట్టే ముందు సీనియర్‌ని అడగాలి. ఆ పాస్ మీద మీరు లోపలికి వెళ్లింది నేర్చుకోవడానికి. ఆయన ఫోటో పేజీలోకి వెళ్లకముందే మీది సోషల్ మీడియాలో కనిపిస్తే మీరు మళ్లీ పిలుపు ఆశించకూడదు.

స్పాట్‌లో అసలు ఏం గమనించాలి?

పాదాలను చూడండి. మంచి ఫోటోగ్రాఫర్ ఎప్పుడూ కదులుతుంటారు, కానీ ఆ కదలికకు లెక్క ఉంటుంది. వచ్చీరాగానే గదంతా ఒకసారి చుట్టి వస్తారు. వెలుతురు ఎటునుంచి, వెనక ఏముంది, ముఖ్యుడు ఏ తలుపులోంచి వస్తాడు, బయటికి ఏ దారిన వెళ్తాడు, ఎత్తైన చోటు ఏదైనా ఉందా. ఇవన్నీ ఒక్క ఫోటో తీయకముందే తేల్చుకుంటారు. ఎవరైనా మాట్లాడుతుంటే వక్త ముఖం మాత్రమే చూసేది కొత్తవాళ్లు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త తీసి, వెనక్కి తిరిగి వింటున్నవాళ్ల ముఖాలు చూస్తారు. స్పందన తరచూ అక్కడే ఉంటుంది.

రెండోది వెనకభాగం. ఫ్రేమ్‌లో మనిషి బాగున్నా, తలలోంచి కరెంటు స్తంభం మొలిచినట్టుంటే ఫోటో పోయినట్టే. సీనియర్ అర అడుగు పక్కకు జరిగితే ఆ స్తంభం తల వెనక నుంచి తప్పుకుంటుంది. ఎందుకు జరిగారో ఆ క్షణంలో అర్థం కాకపోవచ్చు. ఆయన ఫోటో, మీ ఫోటో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మూడోది ఆగడం. అందరూ కెమెరాలు సర్దుకుంటున్నప్పుడు ఎవరు సర్దుకోవడం లేదో చూడండి. సభ ముగిసిందని ప్రకటించాక ముఖాల మీద బిగింపు సడలుతుంది. గెలిచినవాడు కప్పు ఎత్తుకున్నాక, ఓడినవాడు ఒంటరిగా బెంచీ మీద కూర్చుంటాడు. మైదానంలో అసలు కథ ఆ బెంచీ దగ్గరే దొరికిన రోజులు ఎన్నో.

నాలుగోది మాటలు. కెమెరా ఎత్తకముందు సీనియర్ ఏమన్నారు? నవ్వారా, తల ఊపారా, పేరు చెప్పుకున్నారా, ఏమీ అనకుండా కాసేపు కూర్చున్నారా? ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఈ భాగాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎందుకంటే తీసిన ఫోటోల్లో ఇది కనబడదు.

ఒక ఘటనకు ఎన్ని ఫోటోలు తీయాలి?

సంఖ్య ముఖ్యం కాదు, రకాలు ఉండాలి. స్థలం మొత్తం తెలిసే దూరపు ఫోటో ఒకటి, ఏం జరుగుతోందో చెప్పే మధ్యస్థ దూరం ఫోటో, ముఖం లేదా చేతుల దగ్గరి ఫోటో, ఒక చిన్న వివరం. అడ్డం, నిలువు రెండూ. పేజీలో ఎంత చోటు మిగులుతుందో స్పాట్‌లో ఎవరికీ తెలియదు. మొదటి పేజీకి నిలువు ఫోటో కావాలని డెస్క్ అడిగినప్పుడు మీ దగ్గర అన్నీ అడ్డంవే ఉంటే లాభం లేదు. మనిషి చూస్తున్న వైపు కాస్త ఖాళీ వదలండి. పేజీ వేసేవాళ్లకు అది చాలా సౌకర్యం.

క్యాప్షన్ (ఫోటో కింది వివరం) రిపోర్టర్ రాస్తారు కదా, నాకెందుకు?

ఎందుకంటే అక్కడున్నది మీరు. ఫోటోలో ఎడమ నుంచి రెండో మనిషి ఎవరో, ఆమె ఏ కారణంగా ఏడుస్తోందో మీకే తెలుసు. వెంట తిరిగే రోజుల్లో మీకు మొదట అప్పగించే పని కూడా పేర్లు రాసుకోవడమే కావచ్చు. దాన్ని చిన్న పని అనుకోకండి. పేరు అడిగి, అక్షరం అక్షరం రాసి, వాళ్లకే చూపించి సరిచూసుకోండి. వయసు, ఊరు, వృత్తి అడగండి. ఒకేలాంటి చొక్కాలు వేసుకున్న ఇద్దరుంటే పక్కన గుర్తు రాసుకోండి: "కళ్లద్దాలు, ఎడమవైపు". కొందరు ప్రతి మనిషినీ తీశాక ఆ పేరు రాసిన పేజీనీ ఒక ఫోటో తీస్తారు. ఆఫీసుకు వచ్చాక తికమక ఉండదు.

రాసేటప్పుడు మొదటి వాక్యంలో ఎవరు, ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి రావాలి. రెండో వాక్యంలో నేపథ్యం. ఫోటోలో కనిపించేదాన్నే మళ్లీ చెప్పకండి, కనిపించనిది చెప్పండి. "ఆనందంగా ఉన్న అభిమానులు" లాంటివి వద్దు, ఆనందమో కాదో చూసేవాళ్లు తేల్చుకుంటారు.

క్యాప్షన్ తప్పితే మంచి ఫోటో కూడా నిలవదు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో బెల్జియంలోని షార్లెరువా పట్టణం మీద చేసిన ఒక ఫోటో కథకు మొదటి బహుమతి వచ్చింది. అందులో ఒక ఫోటో ఆ పట్టణంలో తీసింది కాదని, బ్రసెల్స్‌లోని మోలెన్‌బేక్‌లో తీసిందని తేలడంతో బహుమతి వెనక్కి తీసుకున్నారు.

నేపథ్యం సంగతికొస్తే, వియత్నాం యుద్ధకాలంలో, 1968 ఫిబ్రవరి 1న సైగాన్ వీధిలో ఒక పోలీసు జనరల్ బందీని కాల్చిన క్షణాన్ని ఎడ్డీ ఆడమ్స్ తీశారు. 1969లో ఆ ఫోటోకు అమెరికా పత్రికారంగంలో పేరున్న బహుమతి పులిట్జర్ వచ్చింది. ఏ మార్పూ చేయకపోయినా ఫోటోలు సగం నిజమే చెప్పగలవని ఆడమ్స్ తర్వాతి కాలంలో బాధపడ్డారు. ఫ్రేమ్‌కు ముందూ వెనకా ఏం జరిగిందో ఫ్రేమ్ చెప్పలేదు. ఆ ఖాళీని కాస్తయినా పూడ్చేది రెండో వాక్యమే.

ఫోటోను ఎంతవరకు ఎడిట్ చేయవచ్చు?

క్రాప్ చేయవచ్చు, అంటే అంచులు కత్తిరించవచ్చు, వెలుతురు, రంగు సరిచేయవచ్చు, కెమెరా సెన్సర్ మీది దుమ్ము చుక్కలు తీయవచ్చు. అక్కడ లేనిదాన్ని చేర్చడం, ఉన్నదాన్ని తీసేయడం కుదరదు. ఎంత చిన్నదైనా సరే.

ఈ గీత దాటినవాళ్లకు ఏమైందో తెలిసి ఉండటం అవసరం. 2003లో ఇరాక్ యుద్ధంలో లాస్ ఏంజెలిస్ టైమ్స్ ఫోటోగ్రాఫర్ ఒకరు రెండు ఫోటోలను కలిపి ఒకటిగా పంపారు. వెనక ఉన్న మనుషుల్లో కొందరు రెండుసార్లు కనిపించడంతో బయటపడింది, ఉద్యోగం పోయింది. 2006లో లెబనాన్‌లోని బీరుట్ మీద పొగను క్లోన్ టూల్‌తో (ఫోటోలో ఒక భాగాన్ని ఇంకో చోట అతికించే సాధనంతో) పెంచిన ఒక ఫ్రీలాన్సర్ ఫోటోలను, మొత్తం 920 ఫోటోలను, వార్తా సంస్థ రాయిటర్స్ తన ఆర్కైవ్ నుంచి తొలగించింది. 2014లో సిరియా ఫోటో ఒకదాని మూలలో కనిపిస్తున్న వీడియో కెమెరాను చెరిపేసినందుకు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ ఒక ఫ్రీలాన్సర్‌తో సంబంధం తెంచుకుంది. ఆయన మిగతా ఫోటోలను పరిశీలిస్తే వాటిలో ఇలాంటి మార్పు దొరకలేదు. అయినా నిర్ణయం మారలేదు. నాకు ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది. ఒక్క ఫోటో మీద అనుమానం వచ్చిందంటే పాఠకుడు మిగతా వాటిని ఎందుకు నమ్మాలి?

2015 నవంబర్‌లో రాయిటర్స్ తన ఫ్రీలాన్సర్లకు ఇంకో మాట చెప్పింది: రా ఫైళ్ల (కెమెరా దాచే ముడి డేటా) నుంచి తయారు చేసినవి పంపొద్దు, కెమెరాలో జేపెగ్‌గా తీసినవే పంపండి అని. అన్ని సంస్థలూ ఇలా అడగవు. ఏ ఆఫీసు నియమం ఏమిటో మొదటి రోజే తెలుసుకోండి.

"ఇంకోసారి చేతులు కలపండి" అని అడగవచ్చా?

వార్తా ఫోటోకి కూడదు. ఇంటర్వ్యూ కోసం తీసే పోర్ట్రెయిట్ వేరు, అక్కడ "కిటికీ దగ్గర కూర్చోండి" అనవచ్చు, అది పోజు అని చూసేవాళ్లకూ తెలుస్తుంది. జరిగిపోయిన దాన్ని మళ్లీ చేయించి, జరుగుతున్నట్టు చూపించడం తప్పు. మీరు వెళ్లిన చోట నలుగురు ఫోటోగ్రాఫర్లు అలా అడుగుతూ కనిపించవచ్చు. అది అలవాటు కావడం వల్ల సరైనదైపోదు. క్షణం దాటిపోతే దాటిపోయింది, తర్వాతి దాని కోసం చూడాలి.

విషాదంలో ఉన్నవాళ్ల ముఖాల మీద కెమెరా పెట్టడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఏం చేయాలి?

ఆ ఇబ్బంది ఉండాలి. ఆ ఇబ్బంది పూర్తిగా పోగొట్టుకున్న ఫోటోగ్రాఫర్ల పక్కన నేర్చుకోకండి.

ప్రమాదస్థలంలోనో ఆసుపత్రి బయటో సీనియర్ ఏం చేస్తారో చాలా జాగ్రత్తగా చూడండి. నేను గౌరవించే ఫోటోగ్రాఫర్లు మొదట దూరం నుంచి, పెద్ద లెన్స్‌తో, శబ్దం లేకుండా కొన్ని తీస్తారు. ఎవరైనా చూసి చెయ్యి అడ్డం పెడితే కెమెరా దించేస్తారు, వాదించరు. వీలైతే కుటుంబంలో కాస్త నిబ్బరంగా ఉన్నవాళ్లతో మాట్లాడతారు. తాము ఎవరో, ఫోటో ఎక్కడ వస్తుందో చెబుతారు. కొందరు వద్దంటారు. కొందరు "తీయండి, ఏం జరిగిందో అందరికీ తెలియాలి" అంటారు. ఈ రెండో మాట వినేదాకా చాలామంది కొత్తవాళ్లు విషాదాన్ని తీయడమే అపచారం అనుకుంటారు. బాధలో ఉన్నవాళ్లు సాక్ష్యం కోరుకోవడం కూడా ఉంటుందని అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

మృతదేహాల ముఖాలు, పిల్లలు, లైంగిక హింస బాధితులు: వీటి విషయంలో చట్టం ఏం చెబుతుందో, పత్రిక నియమం ఏమిటో ముందే చదువుకోండి. తీయడం ఒక నిర్ణయం, అచ్చు వేయడం ఇంకొకటి. స్పాట్‌లో తేల్చుకోలేనిదాన్ని గౌరవంగా తీసి, ఎడిటర్లతో కూర్చుని మాట్లాడవచ్చు. బాధితుల గుర్తింపు బయటపెట్టే ఫోటో అయితే నా వరకు నేను అసలు తీయను. తీయని ఫోటో ఎక్కడికీ పొరపాటున వెళ్లదు.

ఎదురుగా మనిషి ఆపదలో ఉంటే ఫోటో తీయాలా, సాయం చేయాలా?

సాయం చేయగలిగింది మీరొక్కరే అయితే సాయం. అంబులెన్స్ సిబ్బందో అగ్నిమాపక సిబ్బందో పనిలో ఉంటే మీ పని ఫోటో, వాళ్లకు అడ్డు రాకుండా. 1993లో సూడాన్ కరువులో నేల మీద కుంగిపోయిన బిడ్డ, వెనక రాబందు ఉన్న ఫోటోను కెవిన్ కార్టర్ తీశారు. అది అచ్చయ్యాక "ఆ బిడ్డ ఏమైంది?" అని పాఠకులు పత్రికను అడిగారు. 1994లో దానికి పులిట్జర్ వచ్చినా ఆ ప్రశ్న ఆగలేదు. ఇలాంటిదాని గురించి మీ సీనియర్‌తో తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడండి. తనకు ఎదురైన సందర్భాలు చెబుతారు. ముందే ఆలోచించి పెట్టుకున్నవాళ్లకు ఆ క్షణంలో చేతులు వణకవు.

గొడవలు, తొక్కిసలాటలు జరిగేచోటుకి నన్ను తీసుకెళ్తారా?

మొదట్లో తీసుకెళ్లకూడదు. తీసుకెళ్లమని మీరు పట్టుబట్టకూడదు. పక్కన కొత్తవాళ్లుంటే సీనియర్ సగం ధ్యాస వాళ్ల మీదే ఉంటుంది, అది ఇద్దరికీ ప్రమాదం. కొంతకాలం తర్వాత వెళ్లినా బయటికి వెళ్లే దారి ముందు చూసుకోండి. రెండు గుంపుల మధ్య నిలబడకండి, గోడ పక్కన ఉండండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. "వెళ్దాం" అంటే ఇంకొక్క ఫోటో అనకుండా కదలండి. ఎంతో అనుభవం ఉన్నవాళ్లను కూడా ఈ వృత్తి పోగొట్టుకుంది. పులిట్జర్ అందుకున్న రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ 2021 జులై 16న అఫ్గానిస్థాన్‌లోని స్పిన్ బోల్దక్ దగ్గర యుద్ధాన్ని కవర్ చేస్తూ మరణించారు.

బయటికి కనిపించని ప్రమాదం ఇంకోటుంది. చూసినవి మనసులో ఉండిపోతాయి, నిద్ర పట్టదు. దాన్ని బలహీనత అనుకోకుండా మాట్లాడండి, అవసరమైతే డాక్టర్ని కలవండి.

ఫోటోలు తీశాక ఆఫీసులో ఏం జరుగుతుంది?

ఈ భాగాన్ని చూడకుండా ఇంటికి వెళ్లిపోయేవాళ్లు సగం పాఠం వదులుకుంటారు. కార్డులోని వందల ఫోటోలను సీనియర్ చాలా వేగంగా దాటుకుంటూ వెళ్తారు. ఫోటో మెకానిక్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క కీతో గుర్తు పెట్టుకుంటూ, మొదటి చూపులో ఇరవై, రెండో చూపులో ఆరు, చివరికి మూడు. మీరు గొప్పదనుకున్న ఫోటో పక్కన పడిపోతుంది. అప్పుడు "ఎందుకు వద్దన్నారు?" అని అడగండి. కళ్లు మూసుకున్నాయనో, చెయ్యి ముఖానికి అడ్డం వచ్చిందనో, అందంగా ఉంది కానీ వార్త చెప్పడం లేదనో అంటారు. ఈ మూడో కారణం మీద ఎక్కువసేపు ఆలోచించండి. మీరు ఈ పని ఎందుకు చేయాలనుకుంటున్నారో అది నేరుగా అడుగుతుంది.

ఆ తర్వాత క్యాప్షన్, తేదీ, పేరు ఐపీటీసీ ఫీల్డ్స్‌లో (ఫోటో ఫైల్‌లోనే వివరాలు రాసే గడుల్లో) నింపి పంపుతారు. కెమెరా గడియారం సరైన సమయం చూపకపోతే ఇక్కడ తలనొప్పి మొదలవుతుంది. చాలాసార్లు ఇదంతా ఆఫీసులో కాకుండా కారు సీట్లో, మెట్ల మీద, మ్యాచ్ విరామంలో జరుగుతుంది. ఫోటో మంచిదే అయినా పేజీ అచ్చుకు వెళ్లిపోయాక వస్తే ఆ ఎడిషన్‌కి లేనట్టే.

డెస్క్ నా ఫోటో వేయకపోతే, లేదా కత్తిరించేస్తే?

బాధగానే ఉంటుంది. వాదించాల్సింది క్రాప్ వల్ల అర్థం మారినప్పుడు మాత్రమే. చిన్నదిగా వేశారనో, లోపలి పేజీలో వేశారనో గొడవ అనవసరం.

ఎన్నాళ్లు వెంట తిరగాలి?

పక్కన ఉన్నప్పుడు, సీనియర్ ఎటు కదులుతారో కదలకముందే మీకు తెలిసిపోతున్న రోజు వస్తుంది. అప్పుడు ఆపేయవచ్చు. కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఏడాది. ఒకరి వెంటే ఎక్కువకాలం తిరిగితే వాళ్ల చూపే మీ చూపు అవుతుంది. అందుకే ఇద్దరు ముగ్గురితో తిరగమంటాను: ఆటలు తీసేవాళ్లు ఒకరు, రోజువారీ వార్తలు తీసేవాళ్లు ఒకరు, నెలల తరబడి ఒకే కథ మీద పనిచేసేవాళ్లు ఒకరు.

డబ్బు ఇస్తారా?

సాధారణంగా నేర్చుకునేవాళ్లకు ఏమీ ఉండదు. మీరూ ఎవరికీ ఫీజు కట్టకూడదు. మీ ఫోటో అచ్చయితే మాత్రం పేరు, పారితోషికం రెండూ అడగండి. మొహమాటపడకండి. ఉచితంగా ఇచ్చే అలవాటు మీతోపాటు మిగతావాళ్ల బతుకుదెరువునూ దెబ్బతీస్తుంది.

అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఏఐ బొమ్మలు వచ్చేశాయి. ఈ వృత్తికి భవిష్యత్తు ఉందా?

ఉద్యోగాలు తగ్గాయి, దాన్ని దాచి ప్రయోజనం లేదు. 2013లో షికాగో సన్-టైమ్స్ తన ఫోటో విభాగం మొత్తాన్నీ, 28 మందిని, ఒక్కసారిగా తీసేసింది. రిపోర్టర్లకు ఫోన్‌తో ఫోటోలు తీయడం నేర్పింది. చాలామంది ఇప్పుడు ఫ్రీలాన్స్‌గా బతుకుతున్నారు, వీడియో కూడా నేర్చుకుంటున్నారు. మీరూ నేర్చుకోండి.

కానీ అవసరం తగ్గలేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపే బొమ్మ ఎవరైనా చేయగలిగిన కాలంలో, "నేను అక్కడున్నాను, ఇది చూశాను, ఈ పేర్లు అడిగి రాసుకున్నాను" అని చెప్పగలిగే మనిషి కావాలి. ఫోటో ఎక్కడ, ఏ కెమెరాతో తీశారు, తర్వాత ఏం మార్చారు అన్న వివరాలను ఫైల్‌లోనే భద్రపరిచే కంటెంట్ క్రెడెన్షియల్స్ పద్ధతి ఇప్పుడు కెమెరాల్లోకి వస్తోంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన లైకా ఎం11-పి దీన్ని లోపలే అమర్చుకున్న మొదటి కెమెరా. అయితే ఆ సాంకేతికత ఫైల్‌కు మాత్రమే హామీ ఇస్తుంది. క్యాప్షన్‌లో రాసింది నిజమా కాదా అన్నదానికి పూచీ ఫోటోగ్రాఫర్‌దే.

వెంట తిరగడం అయిపోయాక మొదట ఏం చేయాలి?

మీకు నడకదూరంలో ఉన్న ఒక చిన్న విషయం తీసుకోండి. ఒక ఆటస్థలం, ఒక బస్సు డిపో, ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన. అనుమతి అడిగి, కొన్ని నెలలు పదేపదే వెళ్లండి. మొదట్లో అందరూ కెమెరా వైపు చూస్తారు, మెల్లగా చూడటం మానేస్తారు. ఆ దశ దాటాకే మీ ఫోటోలు మొదలవుతాయి. అందులోంచి పన్నెండు ఎంచి, ఒక్కోదానికి రెండు వాక్యాల క్యాప్షన్ రాసి, మీరు వెంట తిరిగిన సీనియర్‌కే ముందు చూపించండి. ఏవి తీసేయాలో చెప్పమని అడగండి, ఏవి బాగున్నాయో తర్వాత. మిగిలినవాటితో ఫోటో ఎడిటర్ని కలవండి.